చేపను తిప్పకండి

పోయిన వారం బుల్లిని మనం అమ్మ బీరువా ముందు వదిలేశాం. ఆమె పనిచేసేది కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబ్‌లో. సొంత ఫోను అక్కడి ప్లాస్టర్ కలిపే బకెట్‌లో పడి గతించడంతో, అమ్మ పోయినప్పట్నుంచీ, ఎనిమిది నెలలుగా మడత బట్టల కింద నోరు మూసుకుని పడివున్న ఆవిడ ఫోను బయటికి తీసి చార్జింగ్ పెట్టింది. ప్రాణం రాగానే అది ఒకటే మోత. పేరు లేని ఒకే నంబరు నుంచి నలభైకి పైగా మిస్‌డ్ కాల్స్ తాలూకు సందేశాలు వచ్చి పడ్డాయి. బీమా అమ్మేవాళ్ళ పీడ అనుకుని అన్నిటినీ ఒక్కసారిగా తుడిచేసింది. తర్వాత అమ్మ చేతిసంచి జిప్పు అరలో ఒక కార్డు దొరికింది. ఊళ్ళోకెల్లా ఖరీదైన చైనీస్ రెస్టారెంట్ కార్డు. పాపం, ఎప్పటికైనా వెళ్ళాలని దాచుకుని ఉంటుంది, వెళ్ళకుండానే పోయింది అనుకుంది. ఆ ఫోనుతోనే కార్డు మీది నంబరుకి చేసి గురువారం మధ్యాహ్నానికి బల్ల కావాలంది. "ఇద్దరికేనా మేడమ్? ఎప్పటి బల్లేనా?" అని అవతలి అమ్మాయి అడిగితే, పెద్ద హోటళ్ళలో అందరినీ ఇలాగే అడుగుతారు కాబోలనుకుని ఊ కొట్టింది.

మిగతాది మీకు తెలిసిందే. శనివారం పొద్దున బుల్లి నాన్న సరంగుకి గుండె ఆపరేషన్. నలభై ఏళ్ళు లాంచీ నడిపిన మనిషి కాబట్టి రేవు రేవంతా ఆయన్ని సరంగుగారనే పిలుస్తుంది. డెబ్బై రెండేళ్ళ వయసు. బతికి బయటపడటం సగానికి సగమేనని డాక్టరు బుల్లిని పక్కకి పిలిచి చెప్పాడు. ఈలోగా ఆమెకి కావలసింది ఒక్కటే. పదకొండేళ్ళ కిందట కొడుకుని గడప దిగమన్న ఆ నోటితోనే "వాణ్ణి రమ్మను" అనిపించాలి. అన్నయ్య ఎక్కడున్నాడో తెలిసినవాడు ఆయనొక్కడే. లాంచీ యూనియన్ వాళ్ళు పంపిన, అన్నయ్య చిరునామా ఉన్న కాగితాలు ఆయన ఇనప్పెట్టెలో ఉన్నాయి, పెట్టె తాళంచెవి ఆయన కోటు జేబులో ఉంది. ఇంట్లో ఆ ఊసెత్తితే ఆయన లేచి వెళ్ళి రేడియో పెడతాడు. రెస్టారెంట్‌లో రేడియో ఉండదు కదా అన్నది బుల్లి ధైర్యం.

పన్నెండు దాటాక తండ్రీ కూతుళ్ళు ఆ అద్దాల తలుపు ముందు టాక్సీ దిగారు. సన్నగా తుంపర పడుతోంది. సరంగు తన నీలం కోటు వేసుకొచ్చాడు. ఒకప్పుడు ఆయన ఛాతీ మీద గుండీలు తెగేంత బిగువుగా ఉండే ఆ కోటు, ఇప్పుడు భుజాల మీంచి జారిపోతోంది. దారి పొడుగునా ఆయన మాట్లాడలేదు. ఆస్పత్రి కూడుకి ముందు ఒక మంచి భోజనం చేద్దామంటే ఒప్పుకున్నాడు గానీ, ఎందుకు తీసుకొస్తోందో ఆయనకి తెలియకపోలేదు.

లోపల నేలంతా దళసరి తివాచీ. ఎంత బరువైన మనిషి నడిచినా అడుగు చప్పుడు కాదు. ఒక గోడ పొడుగునా గాజు తొట్టి, అందులో చేపలు మెల్లగా తిరుగుతున్నాయి. ప్రతి బల్ల మీదా గుండ్రటి అద్దం, దాని మీద గిన్నెలు పెట్టి ఎవరికి కావలసింది వాళ్ళవైపు తిప్పుకోవచ్చు. ఉన్నవాళ్ళు కొద్దిమందే, వాళ్ళూ గుసగుసల్లో మాట్లాడుకుంటున్నారు. కౌంటరు దగ్గరున్న అమ్మాయి రిజిస్టరులో నంబరు చూసుకుని నవ్వింది. కెప్టెన్ లోపల ఉన్నారు, ఇప్పుడే వస్తారు అంది.

"నలభై ఏళ్ళు నీళ్ళ మీద ఉన్నాను, నన్నెవడూ కెప్టెన్ అనలేదు," అన్నాడు సరంగు. "ఇక్కడ పళ్ళేలు మోసేవాడు కెప్టెన్."

బుల్లి నవ్వింది. పొద్దుట్నుంచీ ఆయన నోటివెంట వచ్చిన మొదటి మాట అది. ఇవాళ పని జరిగేలాగే ఉందని లోలోపల ఆశ పడింది.

వాళ్ళ బల్ల చివర కిటికీ పక్కన ఉంది. దానికీ తలుపుకీ మధ్య సగం దాకా నగిషీ చెక్కిన కర్ర తెర ఒకటి నిలబెట్టారు. కౌంటరమ్మాయి అడగకుండానే బుల్లికి తలుపువైపు వీపుండే కుర్చీ చూపించింది. ఆ కుర్చీలో పల్చటి మెత్త ఉంది, హాలు మొత్తంలో ఇంకే కుర్చీకీ లేదు. సరంగు తెర చాటున, ఎదురు కుర్చీలో కూచున్నాడు. ఏసీ చల్లదనానికి బుల్లి భుజాల నిండా శాలువా కప్పుకుంది. అమ్మదే, బూడిదరంగుది. అమ్మ నుంచి ఆమెకి వచ్చినవి ఆ శాలువా, ఆ ముడి, ఆ వంగిన భుజాలే అని పిన్ని ఏడుస్తూ అనేది.

కొత్తగా చేరినట్టున్న వెయిటరు ఒకడు వచ్చి వేయించిన వేరుశెనగపప్పుల సాసరు బల్ల మీద పెట్టాడు. చుట్టూ అన్ని బల్లల మీదా అలాంటిదే ఉంది. కౌంటరమ్మాయి గబుక్కున అది తీసేసింది. ఈ బల్లకి వేరుశెనగలు పెట్టకూడదని రాసి ఉంది కదా, చూసుకోవద్దా అని వాణ్ణి గొంతు తగ్గించి కసురుకుంది. బల్ల తుడిచింది. తర్వాత తడిగుడ్డతో ఇంకోసారి తుడిచింది.

బుల్లి అదేమీ పట్టించుకోలేదు. ఆమె మనసంతా మొదటి మాట ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలా అన్నదాని మీదే ఉంది. సరంగు మాత్రం ఆ తడిగుడ్డ వైపే చూస్తున్నాడు.

అడక్కుండానే టీ వచ్చింది, చామంతి పూలు తేలుతున్న గాజు కెటిల్. తెచ్చినవాడే కెప్టెన్. యాభై దాటినవాడు, తెల్లచొక్కాకి ఒక్క ముడత లేదు. కెటిల్ దించబోతూ బుల్లి మొహం చూసి ఆగాడు. సరంగు మొహం చూశాడు. మేడమ్ వెనక వస్తున్నారా అని అడిగాడు. ఏ మేడమ్ అన్నాడు సరంగు. కెప్టెన్ తన వృత్తిలో ఆరితేరినవాడు. పొరపాటైందండీ, క్షమించండి అని రెండు కప్పుల్లో టీ పోసి తప్పుకున్నాడు.

బుల్లి మొదలుపెట్టింది. శనివారం గురించి, డాక్టరు గురించి, ఆయన రాత్రుళ్ళు ఎలా ఆయాసపడుతున్నాడో దాని గురించి చెప్పింది. ఏదైనా జరగరానిది జరిగితే ఒక్కగానొక్క కొడుకుకి కబురు కూడా చేయలేని స్థితి రాకూడదంది. పోయిన ఎనిమిది నెలల్లో అద్దం ముందు నిలబడి ఎన్నోసార్లు అప్పజెప్పుకున్న మాటలివి. చివరికి అసలు మాటకొచ్చింది.

"అన్నయ్యని రమ్మందాం నాన్నా. మీరు ఊ అనండి చాలు."

సరంగు ఆమె మాట వినడం లేదు. పక్క బల్లవైపు, అక్కడి సాసరు వైపు చూస్తున్నాడు.

"మనింట్లో వేరుశెనగ ఎప్పుడు మానేశాం?" అన్నాడు.

బుల్లికి ఒళ్ళు మండింది. నేనేం అడుగుతున్నాను, మీరేం అడుగుతున్నారు అనబోయి ఆగిపోయింది. ఎప్పుడు మానేశారో ఆమెకీ తెలుసు. అన్నయ్యకి నాలుగేళ్ళప్పుడు ఎవరో పెట్టిన ఒక్క గింజ తిని గొంతు వాచి, మొహం నల్లబడి, చావు తప్పి బయటపడ్డాడు. ఆ రోజునుంచీ వేరుశెనగ గింజ గానీ నూనె గానీ వాళ్ళ గడప తొక్కలేదు. అన్నయ్య వెళ్ళిపోయాక కూడా అమ్మ కొనలేదు. కొనమని అడిగే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేకపోయింది.

సరంగు చెయ్యెత్తి కెప్టెన్‌ని పిలిచాడు. రేవులో కూలీని పిలిచే పిలుపు అది, పక్క బల్లలవాళ్ళు తలతిప్పి చూశారు. ఇక్కడ కూచునే మేడమ్ ఎవరని అడిగాడు. కెప్టెన్ నీళ్ళు నమిలాడు. అతిథుల సంగతులు చెప్పే అలవాటు తమకి లేదన్నాడు.

"ఆవిడ నా భార్య," అన్నాడు సరంగు. "ఇది మా అమ్మాయి. ఇప్పుడు చెప్పు."

భార్య అనేసరికి కెప్టెన్ తేలికపడ్డాడు. బుల్లి పోలికలు చూస్తే అనుమానించేందుకు కూడా ఏమీ లేదు. తమ దగ్గర తరచు వచ్చేవాళ్ళందరికీ ఒక్కో కార్డు ఉంటుందన్నాడు. ఏ కుర్చీ, ఏ టీ, ఏది పెట్టాలి, ఏది పెట్టకూడదు అన్నీ అందులో రాసుకుంటారు. ఫోన్ నంబరు చూడగానే కార్డు తీస్తారు. మేడమ్ కార్డు చాలా పాతది. నడుం నొప్పికి మెత్త, చామంతి టీ, ఉప్పు తగ్గించి ఆవిరి మీద ఉడికించిన చేప, వేరుశెనగ బొత్తిగా వద్దు. తలుపువైపు వీపుండే కుర్చీ. నెలలో మొదటి గురువారం, సరిగ్గా ఇవాళ్టిలాగే, మధ్యాహ్నం ఒంటిగంట.

మొదటి గురువారం అనగానే బుల్లి చేతిలో కప్పు కిందికి దిగిపోయింది. మొదటి గురువారం అమ్మ కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళే రోజు. పదేళ్ళకి పైగా నెల తప్పకుండా వెళ్ళింది. అన్నేళ్ళలో కళ్ళజోడు మాత్రం ఒక్కసారీ మారలేదు. ఆ సంగతి ఇంట్లో ఇద్దరికి ఇద్దరూ గమనించనేలేదు.

"ఎవరితో వచ్చేది?" అన్నాడు సరంగు.

కెప్టెన్ జవాబివ్వక ముందే బుల్లికి తెలిసింది. తండ్రికీ తెలుసని ఆయన పెదవులు చూస్తే అర్థమైంది. ఒక సార్ వచ్చేవారండీ, చాలా నెమ్మదస్తులు, వేరుశెనగ పడనిది ఆయనకే అన్నాడు కెప్టెన్. ఇంకేమీ అడక్కుండా సరంగు చెయ్యి ఊపాడు, అతను వెళ్ళిపోయాడు.

సూప్ వచ్చింది, చల్లారింది. బుల్లి గుండెలో రెండు భావాలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. అన్నయ్య దిక్కులేనివాడు కాలేదు, అమ్మ అతన్ని వదల్లేదు అన్న సంతోషం ఒకటి. నాకెందుకు చెప్పలేదు అన్న ఏడుపు ఒకటి. ఎందుకు చెప్పలేదో కూడా ఆమెకి తెలుసు. అన్నయ్య ఇల్లు వదిలిన మూడోనెలలో ఆమె ల్యాబ్‌కి వచ్చాడు. లేదని చెప్పమని రిసెప్షన్‌కి చెప్పి పంపించింది తనే. గాజు తలుపు అవతల అతను మెట్ల దగ్గర నలభై నిమిషాలు నిలబడ్డాడు. ఆమె తల వంచుకుని ఎవరిదో మైనపు పన్ను చెక్కుతూ కూచుంది. ఒక మనిషి చావుకి కారణమైనవాడితో మాట్లాడనని ఆ వయసులో ఆమె పట్టుదల. ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఆ మాట గొప్పగా చెబితే, అమ్మ కంచం కడుగుతూ ఊరుకుంది.

తండ్రి ఇప్పుడు లేచి వెళ్ళిపోతాడనీ, చచ్చిన భార్య మీద కూడా కోపం తెచ్చుకుంటాడనీ, ఇక ఆ ఇనప్పెట్టె ఎప్పటికీ తెరవడనీ బుల్లి భయపడింది. ఆయన లేవలేదు. అద్దం అంచు మీద వేలు పెట్టి దాన్ని కొంచెం ఇటు, కొంచెం అటు తిప్పుతున్నాడు.

అప్పుడు చేప వచ్చింది.

పొడుగాటి పళ్ళెంలో తలతో తోకతో చెక్కుచెదరని చేప. కెప్టెన్ స్వయంగా తెచ్చాడు. పైభాగం మాంసం చెంచాలతో తీసి రెండు పళ్ళేల్లో వడ్డించాడు. ఇంక కింది భాగం తీయాలి. సరంగు ఫోర్కు తీసుకుని చేపని తిరగేయబోయాడు. ఆయన చేతికి అడ్డం రాకుండానే కెప్టెన్ మృదువుగా వద్దన్నాడు. వెన్నెముక పట్టుకుని తలతో సహా మెల్లగా ఎత్తి పక్కన పెట్టాడు. కింది మాంసం తిప్పకుండానే పళ్ళెంలో మిగిలింది.

తనకి పని నేర్పిన పెద్ద వంటాయన ఓడలవాళ్ళ కుటుంబం నుంచి వచ్చాడట. బల్ల మీద చేపని తిప్పితే నీళ్ళ మీద పడవ తిరగబడుతుందని వాళ్ళ నమ్మకమట. అందుకే ఇక్కడ ఎవరికీ తిప్పరట. మేడమ్ మొదటిసారి వచ్చినప్పుడు కూడా సరిగ్గా ఇదే చెప్పానన్నాడు.

"ఆవిడ ఏమంది?" అన్నాడు సరంగు.

కెప్టెన్ కొంచెం ఆలోచించాడు. "ఆ సార్ చెయ్యి పట్టుకున్నారండీ. 'వీడి చేతిలో ఏ పడవకీ ఏమీ కాలేదు బాబూ, ఆ సంగతి నాకు తెలుసు' అన్నారు. ఆయన పాపం భోజనం ముందు కళ్ళు తుడుచుకున్నారు. అందుకే గుర్తుండిపోయింది."

అతను వెళ్ళాక సరంగు ఫోర్కు కింద పెట్టాడు. అది పళ్ళేనికి తగిలి చప్పుడైంది.

"మీ అమ్మకి తెలుసు," అన్నాడు.

"ఏమిటి తెలుసు?"

"ఆ రోజు లాంచీ చక్రం వాడి చేతిలో లేదు. నా చేతిలో ఉంది."

బుల్లికి ముందు ఆ మాట తలకెక్కలేదు. పదకొండేళ్ళుగా వాళ్ళింట్లో ఒకే కథ ఉంది. మంచు పట్టిన పొద్దున లాంచీ నడుపుతున్నది అన్నయ్య. కునుకు తీశాడు. లాంచీ రేవు గోడని గుద్దింది. తాడు వేయడానికి అంచు మీద నిలబడ్డ మనిషి గోడకీ లాంచీకీ మధ్య పడి నలిగిపోయాడు. సరంగుకి ముప్పై ఏళ్ళ స్నేహితుడతను, పిల్లలందరికీ తాళ్ళమావయ్య. ఆ కథ మీదే అన్నయ్య లైసెన్సు పోయింది, ఇల్లు పోయింది, చెల్లెలు పోయింది.

సరంగు చేపవైపే చూస్తూ చెప్పాడు. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. ముందురాత్రి తనకి నిద్ర లేదు. కొడుకు కింద ఇంజను దగ్గర ఆయిలు చూస్తున్నాడు. కళ్ళు మూతపడటం తనకి తెలియలేదు, గుద్దుకోవడమే తెలిసింది. కొడుకు పైకి పరుగెత్తుకొచ్చి ఒక్క క్షణంలో అంతా అర్థం చేసుకున్నాడు. మీరు రిటైరవడానికి పధ్నాలుగు నెలలే ఉంది నాన్నా, నడిపింది నేనని చెబుదాం, కొత్తవాణ్ణని లైసెన్సు ఆరు నెలలు ఆపి వదిలేస్తారు అన్నాడు. తను తల ఊపాడు. తల ఊపడానికి ఎంతసేపు పడుతుంది? విచారణలో ఆరు నెలలన్నది జీవితాంతం అయింది. తాళ్ళమావయ్య భార్య వాకిట్లోకి వచ్చి కొడుకు మొహాన ఉమ్మేసినప్పుడు తను గదిలోంచి బయటికి రాలేదు.

"రెండు నెలలు భరించాడు. ఆ తర్వాత, అమ్మకొక్కదానికి నిజం చెప్పండి నాన్నా, ఇంకెవరికీ అక్కర్లేదు అన్నాడు. ఆ రోజే వెళ్ళగొట్టాను."

"ఎందుకు?"

"వాణ్ణి చూస్తే నాకు ముద్ద దిగేది కాదు."

బుల్లికి ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, అది కూడా ముందు తన మీదే వచ్చింది. మెట్ల దగ్గర నలభై నిమిషాలు నిలబడ్డవాడు తప్పు చేసినవాడు కాదు. తప్పు చేసిన మనిషికి తను పదకొండేళ్ళుగా వేళకి మందులిస్తోంది, కాళ్ళకి నూనె రాస్తోంది, ఆయాసం వస్తే రాత్రంతా కూచుంటోంది. ఆ మాటే అనేసింది. అన్న తర్వాత కూడా ఆమెకి జాలి కలగలేదు, కలగనందుకు సిగ్గూ కలగలేదు.

"మీ అమ్మ నన్ను సరంగుగారూ అని ఆటపట్టించేది, గుర్తుందా?" అన్నాడాయన. "ఉన్నట్టుండి మానేసింది. వయసు మీద పడిందిలే అనుకున్నాను. అన్నీ తెలిసే వడ్డించింది. ఒక్కమాట అనలేదు. అంటే బాగుండేది బుల్లీ."

బయట తుంపర పెద్దదైంది. కిటికీ అద్దం మీద నీళ్ళు కారుతున్నాయి. బుల్లి ఇప్పుడింక అడగడం లేదు, ఆజ్ఞాపిస్తోంది. తాళంచెవి ఇవ్వండి, ఇవాళే వెళ్ళి అన్నయ్యని వెతికి తీసుకొస్తాను, శనివారం లోపల మీరు అతని మొహం చూసి ఈ మాట చెప్పాలి అంది. సరంగు కోటు జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. వాడు రాడన్నాడు. వచ్చినా తనకి నోరు పెగలదన్నాడు.

అప్పుడే కెప్టెన్ మళ్ళీ వచ్చాడు. మొహంలో వినయంతో పాటు చిన్న ఉత్సాహం కూడా ఉంది. పన్నెండూ నలభై అయిందని గోడ గడియారం చూపించాడు.

"సార్ వచ్చే వేళయిందండీ. మూడో కుర్చీ వేయించమంటారా? మేడమ్ కూడా వస్తే నాలుగు వేయిస్తాను."

"ఏ సార్?" అంది బుల్లి.

సార్ ప్రతి నెలా వస్తూనే ఉన్నారన్నాడు కెప్టెన్. ఎనిమిది నెలల కిందట మేడమ్ రావడం ఆగిపోయినా ఆయన ఆపలేదు. ఆరుగంటల బస్సు ప్రయాణం చేసి వస్తారు. ఇద్దరికీ టీ చెబుతారు, ఈ కుర్చీని ఖాళీగా ఉంచి మూడింటి దాకా చూసి వెళ్ళిపోతారు. మేడమ్ ఫోను ఎప్పుడు చేసినా ఆపేసి ఉందట. ఇంట్లో తెలిసిపోయి కట్టడి చేసి ఉంటారనుకుంటున్నారు. నాలుగైదు నెలలు ఫోన్ చేసి చేసి అదీ మానేశారు. తమకి మాత్రం ప్రతి నెలా ముందురోజు ఫోన్ చేసి, ఏమైనా కబురుందా అని అడుగుతారు.

"నిన్న కూడా అడిగారండీ. మేడమ్ నంబరు నుంచే బల్ల బుక్ అయిందని చెప్పాను. చేప కొంచెం పెద్దది తీయించండి అన్నారు."

తను ఒక్కసారిగా తుడిచేసిన నలభై సందేశాలు ఎవరివో బుల్లికి అప్పుడు తెలిసింది. అమ్మ పోయిన రోజున అన్నయ్యకి కబురు చేయాలి కదా నాన్నా అని ఆమె అడిగింది, నిజమే. చెప్పే పనిలేదని ఆయన అన్నాడు. ఆమె రెండోసారి అడగలేదు. రెండోసారి అడిగి ఉంటే ఈ గురువారం ఉండేది కాదు.

"అమ్మ చనిపోయింది," అంది కెప్టెన్‌తో. "ఎనిమిది నెలలైంది. ఆ ఫోను నేను వాడుతున్నాను."

కెప్టెన్ మొహం పాలిపోయింది. ఖాళీ పళ్ళెం ఒకటి చేతిలోకి తీసుకున్నాడు, మళ్ళీ అక్కడే పెట్టాడు. తలుపు దగ్గరే నిలబడి సార్‌ని ఆపుతాను, మీరొచ్చి అక్కడే చెప్పండి అన్నాడు. తెర అడ్డం ఉండటంతో తలుపు దగ్గర్నుంచి చూసేవాళ్ళకి ఈ కుర్చీ వీపు ఒక్కటే కనిపిస్తుంది, ఆయన ఎప్పుడూ అక్కణ్ణుంచే మేడమ్‌ని చూసి వచ్చేస్తారు అని కూడా చెప్పాడు. చెబుతూ బుల్లి శాలువా వైపు చూసి కళ్ళు దించుకున్నాడు.

కెప్టెన్ తలుపువైపు వెళ్ళాడు. మధ్యలో ఎవరో బల్ల దగ్గర ఆపి ఏదో అడుగుతున్నారు.

"నువ్వు చెప్పు బుల్లీ," అన్నాడు సరంగు. "నీకు మాటలు వచ్చు. నా వల్ల కాదు."

బుల్లి తండ్రిని చూసింది. పొద్దున ఆమె కట్టిన మఫ్లరు వదులై మెడమీద వేలాడుతోంది. పధ్నాలుగు నెలల కోసం తల ఊపిన మనిషి ఇదే మనిషి. ఇప్పుడు మళ్ళీ అదే పని చేయబోతున్నాడు, ఈసారి కూతురి వంతు.

"లేదు నాన్నా. అమ్మ పోయిందని మీరు చెప్పండి. ఎందుకు కబురు చేయలేదో కూడా మీరే చెప్పండి. ఈసారి చక్రం మీరే పట్టుకోండి."

సరంగు కోటు జేబులోంచి తాళంచెవి తీసి అద్దం మీద పెట్టాడు. అద్దాన్ని మెల్లగా తిప్పాడు. తాళంచెవి టీ కప్పులు దాటి, చేప ముల్లు దాటి, బుల్లి ముందుకొచ్చి ఆగింది.

"వాణ్ణి రమ్మను," అన్నాడు. "చెబుతాను."

ఈ రెండు మాటల కోసం ఆమె ఎన్ని నెలలు కాచుకుందో మీకు తెలుసు. వచ్చాయి, కానీ వాటిని పట్టుకుని సంతోషించే తీరిక ఆమెకి దొరకలేదు. సరంగు కళ్ళు ఆమె తల మీంచి తెర చిల్లుల్లోకి చూస్తూ నిలిచిపోయాయి. మొహంలో రక్తం చుక్క లేదు. లేస్తూ కోటు గుండీ పెట్టుకోవాలని చూశాడు, వేళ్ళకి గుండీ అందలేదు.

ముందుగా వచ్చేశాడని బుల్లికి అర్థమైంది. లేవాలి, తిరగాలి, ఎదురెళ్ళి ఆపాలి. దళసరి తివాచీ మీద అడుగుల చప్పుడు వినిపించలేదు. ఎంత దూరంలో ఉన్నాడో తెలియలేదు. కుర్చీ వెనక్కి జరపబోతుండగానే తెర పక్కనుంచి ఒక చెయ్యి వచ్చి, బూడిదరంగు శాలువా మీద, ఆమె భుజం మీద పడింది. వానలో తడిసిన చెయ్యి, చల్లగా ఉంది.

"ఎక్కడికి పోయావమ్మా ఇన్నాళ్ళూ?" అన్నాడు అన్నయ్య.

బుల్లి తిరగలేదు. తను తిరగనంతసేపే అతనికి అమ్మ ఉంటుంది. ఎదురుగా సరంగు రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుని లేచి నిలబడి, నోరు తెరిచాడు.